విశాఖలో గిటారు తీగలు మూడు వారాలకే మూగబోతున్నాయి: ఏవి వేసుకోవాలి?

తీరవాసి:
అందరికీ నమస్కారం. మా ఇల్లు విశాఖపట్నంలో సముద్రానికి కిలోమీటరు లోపే ఉంది. నా దగ్గర ఉన్నది 25.4 అంగుళాల స్కేలు (మోగే తీగ పొడవు) గల డ్రెడ్‌నాట్, అంటే పెద్ద పెట్టె ఉన్న అకూస్టిక్ గిటారు. రోజుకు గంట, గంటన్నర వాయిస్తాను. ఇన్నాళ్లూ 0.012 నుంచి 0.053 అంగుళాల మందం వరకు ఉండే లైట్ సెట్‌లో పూత లేని ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలే వేస్తున్నాను. కొత్త తీగల గలగల పది రోజులు కూడా నిలవడం లేదు. మూడో వారానికి నాలుగో తీగ మీద మెట్టుకు తగిలే చోటల్లా నల్లటి మచ్చలు పడుతున్నాయి, పైన లోహపు చుట్టు లేని మొదటి రెండు తీగలు వేలికి గరుకుగా తగులుతున్నాయి. దీనికి తోడు బార్ కార్డులు (ఒకే వేలితో తీగలన్నీ నొక్కి పట్టేవి) ఎక్కువగా ఉన్న పాటలు వాయించిన రోజున ఎడమచేతి వేళ్లు మండుతున్నాయి. పూత ఉన్న తీగలు కొందామంటే ధర రెట్టింపు దాటుతోంది. అవి నిజంగా అంత కాలం వస్తాయా, నాదం మొద్దుబారుతుందా అన్నది వాడినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

పాతచెక్క:
తీరవాసి గారూ, మీరు అడిగినవి రెండు వేరు వేరు ప్రశ్నలు. వేళ్ల నొప్పికి కారణం తీగ మందం, తుప్పుకు కారణం చెమట, ఉప్పుగాలి. ముందుగా మందం సంగతి తేల్చుకోండి.

ఒకే పొడవు, ఒకే శ్రుతి, ఒకే లోహం అయినప్పుడు తీగ బిగువు దాని వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. అందువల్ల మొదటి తీగను 0.012 నుంచి 0.011కు మార్చితే, తేడా అంగుళంలో వెయ్యో వంతే అయినా, బిగువు 16 శాతం తగ్గుతుంది. లైట్ సెట్ మొత్తం కలిసి మీ గిటారు బ్రిడ్జ్‌ను (పైచెక్క మీద తీగలు బిగించే దిమ్మను) దాదాపు 74 కిలోల బలంతో లాగుతోంది, 0.013తో మొదలయ్యే మీడియం సెట్ అయితే అది 80 కిలోలు దాటుతుంది. ఈ లెక్క తెలియని రోజుల్లో నేను తక్కువ ధరకు కొన్న ఒక గిటారుకు, గొంతు పెద్దదవుతుందన్న ఆశతో మీడియం తీగలు బిగించాను. గొంతు పెద్దదైన మాట నిజమే, అయితే ఎనిమిది నెలలు తిరిగేసరికి బ్రిడ్జ్ వెనుక పొట్ట ఉబ్బి, జిగురు విడిచి, సందులో పోస్ట్‌కార్డు దూరేంత ఖాళీ వచ్చింది.

మీరు కస్టమ్ లైట్, అంటే 0.011 నుంచి 0.052 వరకు ఉండే సెట్ ప్రయత్నించండి. డబ్బు ఖర్చు పెట్టకముందే దాని స్పర్శ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే, ఇప్పుడున్న తీగలనే అర స్వరం దించి, మొదటి మెట్టు మీద కాపో (తీగలన్నింటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) పెట్టి వాయించి చూడండి. అర స్వరం దించితే బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. అది హాయిగా అనిపిస్తే మీకు కావలసింది సన్నని తీగే.

కంచుగంట:
పాతచెక్క గారి మాటకు నేను కలిపేది లోహం గురించి. దుకాణంలో 80/20 బ్రాంజ్ అని రాసి ఉండే తీగలు పేరుకు కంచువే గాని, వాటి చుట్టులో ఉండేది 80 శాతం రాగి, 20 శాతం జింక్. మన ఇళ్లలో దాన్ని ఇత్తడి అంటాం. ఫాస్ఫర్ బ్రాంజ్‌లో 92 శాతం వరకు రాగి, మిగిలినది దాదాపుగా తగరం, చిటికెడు ఫాస్ఫరస్. రాగికి తగరం కలిపినదే కంచు కాబట్టి ఆ పేరుకు తగినది ఇదే. డడారియో సంస్థ 1974లో దీన్ని గిటారు తీగలకు తెచ్చింది. ఇత్తడి చుట్టు కొత్తలో ఎక్కువ ప్రకాశంగా మోగుతుంది, ఆ ప్రకాశం త్వరగా పోతుంది. కంచు చుట్టు కొంచెం వెచ్చగా, నిండుగా మొదలై, ఆ గుణాన్ని ఇంకొన్నాళ్లు నిలుపుకుంటుంది.

అయితే నాదాన్ని పెట్టె మీది పేరు ఒక్కటే నిర్ణయించదు. మహోగని పైచెక్క ఉన్న నా చిన్న గిటారు సహజంగానే కొంత ముద్దగా పలుకుతుంది కాబట్టి దానికి 80/20 వేస్తాను. స్ప్రూస్ పైచెక్క, రోజ్‌వుడ్ పక్కచెక్కలు ఉన్న పెద్దదానికి అవే వేస్తే మొదటి వారం చెవులు గింగురుమంటాయి, అందుకని దానికి ఫాస్ఫర్ బ్రాంజ్. ఆ మొదటి వారం గలగలను చూసి తీగల మీద తీర్పు చెప్పకూడదని నా అభిప్రాయం. పది రోజుల తరువాత ఎలా పలుకుతుందో అదే ఆ తీగ అసలు గొంతు, ఎందుకంటే మనం ఎక్కువ కాలం వినేది దాన్నే.

చెమటచేయి:
నేను కాకినాడలో పుట్టి చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాను, కాబట్టి ఉప్పుగాలి బాధ నాకు పూర్తిగా తెలుసు. అంతకంటే పెద్ద బాధ నా అరచేతులు. మా స్నేహితుడు, నేను ఒకే రోజున ఒకే రకం పూత లేని తీగలు వేసుకున్నాం; ఆయనవి రెండు నెలలకు కూడా మెరుస్తుంటే నావి పద్దెనిమిదో రోజున నల్లబడ్డాయి. ఊరు ఒకటే, గాలి ఒకటే, చేతులే వేరు. కాబట్టి ఫలానా తీగ ఇన్ని నెలలు వస్తుందని ఎవరు చెప్పినా అది వారి చేతి లెక్క అనుకోండి.

చుట్టిన తీగ చచ్చిపోవడానికి తుప్పు ఒక్కటే కారణం కాదు. చుట్ల మధ్య సందుల్లో చెమట, నూనె, చర్మపు పొట్టు చేరి తీగ బరువును ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ చేస్తాయి. అప్పుడు పై స్వరాంశాలు అణగిపోతాయి, శ్రుతి కూడా మెట్టుకు మెట్టుకు తేడాగా వస్తుంది. పన్నెండో మెట్టు దగ్గర వేలు ఆనించి పలికించిన హార్మోనిక్‌ను, అక్కడే నొక్కి పలికించిన స్వరంతో పోల్చి చూడండి. కొత్త తీగ మీద కలిసిన ఆ రెండూ ఇప్పుడు కలవకపోతే తీగ ఆయుష్షు తీరినట్లే. మెడ చివర మరలు తిప్పి సరిచేయాలని చూడటం వృథా.

పూత తీగల విషయానికి వస్తే, ఎలిక్సర్ వారు 1997లో మొదలుపెట్టిన పద్ధతిలో, పూత చుట్టు పైనంతా ఒక సన్నని పొరలా కప్పుతుంది కాబట్టి మురికి ఆ సందుల్లోకి దిగదు. గోర్‌టెక్స్ బట్ట తయారుచేసే గోర్ సంస్థదే ఆ తీగల తయారీ కూడా. వాటిలో పాలీవెబ్ పూత మందంగా, జారుడుగా ఉండి నాదాన్ని కొంచెం మెత్తబరుస్తుంది. నానోవెబ్ పలుచన, దాదాపు మామూలు తీగలా పలుకుతుంది. నాకు పూత లేనివి మూడు వారాలైతే నానోవెబ్ మూడు నెలలు దాటుతోంది. ధర రెట్టింపు కాదు, మూడు రెట్లు పెట్టినా నాకు లాభమే. లోపం ఒకటుంది: నాలుగు, అయిదు తీగల మీద ప్లెక్ట్రమ్ (మీటే బిళ్ల) తగిలే చోట పూత లేచి తెల్లటి నూలుపోగుల్లా వేలాడుతుంది. దానివల్ల ధ్వనికి నష్టం లేదు గాని చూడటానికి చీదరగా ఉంటుంది.

వీణపక్కన:
మా ఇంట్లో అమ్మ వీణ, నేను గిటారు. గమకాలు పలికించే ఉద్దేశం ఉన్నవారు తీగ ఎంపికలో ఇంకొక సంగతి చూసుకోవాలి. వీణ మీద మెట్టు దగ్గరే తీగను పక్కకు లాగి పై స్వరాలను అందుకుంటాం. అకూస్టిక్ గిటారులో మూడో తీగ కూడా చుట్టిన తీగే కావడం వల్ల, 0.012 సెట్ మీద ఆ తీగను ఒక పూర్తి స్వరం లాగడం నా వేళ్లకు సాధ్యం కాలేదు. 0.010తో మొదలయ్యే ఎక్స్‌ట్రా లైట్ వేసి, అన్నింటినీ ఒక స్వరం దించాను. గాంధారం మీద ఊగించడానికి ఇప్పుడు చేయి ఆడుతోంది. బదులుగా గొంతు సన్నబడింది, గట్టిగా మీటితే మంద్ర తీగ మెట్లను కొట్టి బుసకొడుతుంది. తోడు వాయించేవారికి నేను ఈ దారి సూచించను.

తీరవాసి:
వీణ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. వైణికులు ఎడమచేతి వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటారు కదా, గిటారు తీగలకు కూడా అదే రాస్తే తుప్పు పట్టదని మా వీధిలో ఒక మాస్టారు చెప్పారు. అలాగే పాత తీగలను నీళ్లలో మరిగిస్తే మళ్లీ కొత్తవవుతాయని విన్నాను.

వీణపక్కన:
వద్దండీ. వీణలో వేళ్లు ఎక్కువగా నడిచే మొదటి తీగలకు చుట్టు ఉండదు, నూనెను గుడ్డతో తుడిస్తే పోతుంది. గిటారు మంద్ర తీగల చుట్ల మధ్య నూనె చేరితే దుమ్మును పట్టుకుని కూర్చుంటుంది. నేను ఒకసారి చేసి, వారంలో ఆ సెట్‌ను పారవేశాను.

పాతచెక్క:
మరిగించడం నేను చేశాను. జిడ్డు వదిలి రెండు మూడు రోజులు కొంత వెలుగు వచ్చిన మాట నిజం, ఆ తరువాత మొదటికంటే త్వరగా పాడయ్యాయి. పైగా ఒకసారి విప్పి మళ్లీ బిగించిన తీగ మర దగ్గర వంపు పడిన చోట తెగడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ గ్యాసు ఖర్చు కొత్త తీగల మీద పెట్టడం మేలు. వాయించే ముందు చేతులు సబ్బుతో కడగండి, అయిపోయాక పొడి నూలుగుడ్డతో తీగ పైనా కిందా కూడా పట్టుకుని తుడవండి, గిటారును పెట్టెలో పెట్టండి. తుప్పు సాధారణంగా మొదలయ్యేది మనకు కనిపించని కింది వైపునే.

మిన్నెసోటాచలి:
ఇక్కడ అమెరికాలోని మిన్నెసోటాలో నాది మీకు పూర్తిగా ఎదురు అనుభవం. శీతకాలమంతా ఇంట్లో హీటరు నడవడం వల్ల గాలి ఎండిపోతుంది, పూత లేని తీగలు కూడా అయిదు నెలలు మెరుస్తూనే ఉంటాయి, అందువల్ల నేను పూత తీగల జోలికి పోలేదు. కాని చెక్క ఎండి, పైపలక దిగిపోయి, తీగలు మెట్లకు తగిలి బరబరమంటాయి. మొదటి ఏడాది అది తీగల తప్పనుకుని రెండు సెట్లు మార్చాను. పెట్టెలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకున్నాక ఆ చప్పుడు పోయింది. కొత్త తీగలు వేసినా బరబర తగ్గకపోతే చెక్క సంగతి కూడా చూసుకోవాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కంచుగంట:
కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పేరున్న తీగలకు నకిలీలు చాలా తిరుగుతున్నాయి. నేను ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర సగం ధరకు తెప్పించుకున్న సెట్‌లో మొదటి తీగ శ్రుతికి రాకముందే తెగింది, కవరు మీది అక్షరాలు మసకగా ఉన్నాయి. డడారియో ప్యాకెట్లలో వారి వెబ్‌సైటులో సరిచూసుకునే సంఖ్య ఉంటుంది. నాది అక్కడ చెల్లలేదు.

తీరవాసి (మూడున్నర నెలల తరువాత):
సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. జరిగింది రాస్తున్నాను. కాపో పరీక్షలో హాయిగా అనిపించడంతో 0.011 నుంచి 0.052 వరకు ఉండే పూత ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు వేశాను. మొదటి రోజే మొదటి రెండు మెట్ల మీద బరబర మొదలైంది. బిగువు తగ్గడంతో మెడ కొంత వెనక్కు వాలిందని, ట్రస్ రాడ్‌ను (మెడ లోపల దాని వంపును సరిచేసే కడ్డీని) పావు చుట్టు వదులు చేస్తే సరిపోతుందని మరమ్మతు చేసే ఆయన చూసి చెప్పారు, అలాగే సరిపోయింది. వేళ్ల మంట పోయింది. గొంతు కొంచెం తగ్గింది. ఒంటరిగా వాయించేటప్పుడు తెలియదు, ఇంకొక గిటారుతో కలిసినప్పుడు తెలుస్తోంది.

పదమూడు వారాలైంది. చుట్టిన తీగలు నాలుగూ ఇంకా బాగానే పలుకుతున్నాయి, నాలుగో దాని మీద చెమటచేయి గారు చెప్పిన తెల్లటి పోగులు లేచాయి. మొదటి తీగ మాత్రం తొమ్మిదో వారంలో శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నని పట్టీ) దగ్గర తెగింది. సెట్ అంతా మార్చకుండా 0.011 ఉక్కు తీగ విడిగా ఒకటి కొని వేశాను, దాని ధర ఒక పూట టిఫిను ఖర్చుకు మించలేదు. అది పూత లేనిది కావడంతో నాలుగు వారాలకే గరుకెక్కింది, ఈ ఆదివారం మళ్లీ మార్చాలి.

చెమటచేయి:
తెగింది శాడిల్ దగ్గర కాబట్టి, కొత్త తీగ వేసే ముందు అది ఆనే చోట పదును అంచు ఉందేమో వేలితో తడిమి చూడండి. ఉంటే చాలా సన్నని గరుకుకాగితంతో రెండు మూడు సార్లు మాత్రమే, ఎత్తు తగ్గకుండా నునుపు చేయండి. నాకు మూడు తీగలు వరుసగా అక్కడే తెగాక గాని ఆ సంగతి తట్టలేదు.