‘మరణాంతాని వైరాణి’ అని రాముడు అన్నది దేని గురించి?

మొన్న మన గ్రూపులో బ్రిటన్ టీవీ వ్యాఖ్యాత జిమ్మీ సావిల్ మీద వచ్చిన పోస్టు కింద ఒక పెద్దాయన ‘మరణాంతాని వైరాణి’ అని రాసి, ‘పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదని సాక్షాత్తూ రాముడే చెప్పాడు’ అని అర్థం ఇచ్చారు. కింద వరసగా దండం బొమ్మలు పడ్డాయి, చర్చ అక్కడితో ఆగిపోయింది. అలా ఆగిపోవడం నాకు చాలా బాధ అనిపించింది. అక్కడ మాట్లాడుతున్నది సావిల్ వల్ల చిన్నపిల్లల మీద, ఆసుపత్రి మంచాల మీద ఉన్న రోగుల మీద జరిగిన అఘాయిత్యాల గురించి. అంత విషయాన్ని శ్లోకంలో ఒక్క పాదంతో మూసేస్తున్నప్పుడు ఆ పాదానికి నిజంగా ఆ అర్థం ఉందా అని చూసుకోవాలి కదా. ఇది భాషా గ్రూపు, ఆ పని ఇక్కడ కాకపోతే ఎక్కడ చేస్తాం? అందుకే విడిగా రాస్తున్నా.

ముందు శ్లోకం మొత్తం చూడండి. యుద్ధకాండలో, రావణుడు పడిపోయాక వస్తుంది (ప్రతిని బట్టి సర్గ సంఖ్య మారుతుంది).

మరణాంతాని వైరాణి నిర్వృత్తం నః ప్రయోజనమ్
క్రియతామస్య సంస్కారో మమాప్యేష యథా తవ

పగలు చావుతో ముగుస్తాయి. మనం వచ్చిన పని అయిపోయింది. ఇతనికి సంస్కారం జరిపించు. నీకు ఎంతో నాకూ అంతే ఇతను. విభీషణుడితో రాముడు అన్న మాట ఇది. ఇందులో ‘మాట్లాడకు’ అనే అర్థం ఇచ్చే మాట ఎక్కడుంది? ‘క్రియతాం’ అన్నది దహన సంస్కారం గురించి. శవాన్ని అలా వదిలేయొద్దు, చేయాల్సిన కర్మ చెయ్యి అంటున్నాడు. నోరు మూసుకో అనడం లేదు.

అసలు ఈ మాట ఎందుకు అనాల్సి వచ్చిందో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. విభీషణుడు కర్మ చేయనన్నాడు. ధర్మం వదిలేసినవాడు, క్రూరుడు, అబద్ధాలకోరు, ‘పరదారాభిమర్శి’ (పరాయివాళ్ళ భార్యల మీద చెయ్యి వేసినవాడు), ఇలాంటివాడికి నేను సంస్కారం చేయలేను అన్నాడు. సొంత తమ్ముడు, అన్న శవం పక్కన నిలబడి అన్నాడు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అంటాడు, నాకు ఈ ఘట్టం మొత్తంలో ఎక్కువ నచ్చేది అదే. లోకంలో జనం నన్ను కర్కోటకుడు అంటారు, కానీ వాడు ఎలాంటివాడో విన్నాక వాళ్ళే నేను చేసింది సరైనదే అంటారు అని. అంటే చనిపోయినవాడి గురించి నిజం చెప్పినవాడిని ముందు తిట్టేది జనమే అని, మొత్తం విన్నాక మాట మార్చేదీ ఆ జనమే అని వాల్మీకి అంత స్పష్టంగా రాసి పెట్టాడు.

మరి రాముడు ఏమన్నాడు? ‘నీ అన్న గురించి అలా అనకూడదు’ అనలేదు. అధర్మం, అసత్యం నిండినవాడే, కానివ్వు, అని ముందు ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే తేజస్వి, బలవంతుడు, శూరుడు అన్నాడు. ‘మహాత్మా’ అన్న చోటే ‘లోకరావణః’ అని కూడా అన్నాడు, లోకాన్ని ఏడిపించినవాడు అని. మంచీ చెడూ రెండూ పలికాకే ‘మరణాంతాని వైరాణి’ వస్తుంది. ముందున్నదంతా కోసేసి ఈ చివరి ముక్క ఒక్కటే పట్టుకొస్తే అది రాముడి మాట కాదు, మన అవసరానికి మనం కత్తిరించుకున్న మాట.

‘అభిమర్శ’ గురించి ఒక్క నిమిషం ఆగుదాం. మృశ్ ధాతువు, తాకడం అని అర్థం. విమర్శ, పరామర్శ, అభిమర్శ, మూడూ దాంట్లోంచే పుట్టాయి. విమర్శ అంటే విషయాన్ని బుద్ధితో తడిమి చూడడం. పరామర్శ మనకి తెలుగులో చావు జరిగిన ఇంటికి వెళ్ళి పలకరించడం అయింది. అభిమర్శ అంటే తాకకూడనివాళ్ళని తాకడం, బలవంతంగా. చనిపోయిన పెద్దమనిషి ఇంటికి పరామర్శకి వెళ్తాం, తప్పులేదు, వెళ్ళాలి కూడా. కానీ ఆయన చేతుల్లో నలిగినవాళ్ళ ఇంటికి ఎవరు వెళ్ళారు పరామర్శకి?

ఇక రెండో పాదం. ‘నిర్వృత్తం నః ప్రయోజనమ్’, దీన్ని ఎవరూ ఎత్తరు. పగ ముగిసిందని చెప్పే హక్కు రాముడికి ఎలా వచ్చింది? నష్టపోయింది ఆయన. భార్యని ఎత్తుకుపోతే అంత దూరం వెతుక్కుంటూ వచ్చి, యుద్ధం చేసి, గెలిచి, పని పూర్తయ్యాక అన్నాడు. ‘నః’ అంటే ‘మా’. మా పని అయింది అని పడినవాడు అనొచ్చు. గట్టుమీద నిలబడి చూసినవాళ్ళు, ఆ మనిషి పాటలకో ప్రోగ్రాములకో చప్పట్లు కొట్టిన మనలాంటివాళ్ళు, బాధపడ్డవాళ్ళ తరఫున ‘అయిపోయింది, వదిలేయండి’ అని ఎలా అంటాం?

సావిల్ విషయంలో ఏ పని అయింది చెప్పండి. 2011 అక్టోబర్ 29న 84 ఏళ్ళ వయసులో పోయాడు. బీబీసీలో దశాబ్దాలు వెలిగినవాడు, చందాలు పోగుచేసి ఆసుపత్రులకిచ్చిన దాతగా పేరు, ‘సర్’ బిరుదు. పోయిన కొద్ది వారాలకే బీబీసీలోనే న్యూస్‌నైట్ అనే వార్తా కార్యక్రమం వాళ్ళు అతని మీద పరిశోధన మొదలుపెట్టారు, అది మధ్యలో ఆగిపోయింది. అదే డిసెంబర్‌లో అదే సంస్థ నివాళి కార్యక్రమాలు మాత్రం ప్రసారం చేసింది. ‘పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలి’ అన్న సూత్రం ఆచరణలో ఎలా పనిచేస్తుందో దీనికంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. 2012 అక్టోబర్ 3న ఐటీవీ అనే ఇంకో బ్రిటన్ ఛానల్లో బాధితులు మాట్లాడిన కార్యక్రమం వచ్చింది. ఇంగ్లండ్‌లోని స్కార్‌బరో ఊళ్ళో అతని సమాధి మీద రాయి నిలబెట్టి నెల తిరక్కుండానే కుటుంబం వాళ్ళే తీయించేశారు. 2013 జనవరిలో లండన్ పోలీసులు, పిల్లల రక్షణ కోసం పనిచేసే సంస్థ ఒకటి కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం 450 మంది ముందుకొచ్చి చెప్పారు, 214 నేరాలు నమోదయ్యాయి, మొదటిది 1955 నాటిది. లీడ్స్ ఆసుపత్రిలో బాధపడ్డవాళ్ళ వయసు 5 ఏళ్ళ నుంచి 75 ఏళ్ళ దాకా ఉందని తర్వాత విచారణలో తేలింది. ఒక్క రోజు కూడా కోర్టు బోను ఎక్కలేదు అతను. బిరుదు వెనక్కి తీసుకోవడం కూడా కుదరలేదు, ఎందుకంటే వాళ్ళ పద్ధతిలో ఆ బిరుదు మనిషితోనే పోతుంది, తీసేయడానికి ఏమీ మిగలదు. ఏ ప్రయోజనం నిర్వృత్తమైంది ఇక్కడ?

ఇంతవరకు నిన్న పెట్టాను. కింద వచ్చిన జవాబులకి ఇక్కడే రాస్తున్నా.

‘మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు’ అని ఇద్దరు ముగ్గురు అడిగారు. గచ్చిబౌలి ఆఫీసుల్లో లంచ్ టేబుల్ దగ్గర నుంచి మా చిక్కడపల్లి పార్కు బెంచీల దాకా ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మొదట వినపడేది ఈ వాక్యమే. దీన్ని ప్రశ్నలా అడుగుతాం కానీ జవాబు కోసం అడగం, గమనించండి. జవాబు ఉంది మరి. సావిల్ బతికుండగానే ఫిర్యాదులు వెళ్ళాయి, 2009లో సర్రే పోలీసులు అతన్ని కూర్చోబెట్టి అడిగారు కూడా, కేసు మాత్రం నడవలేదు. జపాన్‌లో జానీ కిటగావా సంగతి చూడండి. కుర్రాళ్ళ పాటల బృందాలు తయారుచేసే పెద్ద ఏజెన్సీ అతనిది. ఒక వారపత్రిక ఆరోపణలు రాస్తే పరువునష్టం దావా వేశాడు, ఆ దావాలోనే 2003లో టోక్యో హైకోర్టు లైంగిక వేధింపుల గురించి పత్రిక రాసిన ముఖ్యమైన విషయాలు నిజమే అంది. కోర్టు చెప్పాక కూడా టీవీలు, పత్రికలు దాదాపు పట్టించుకోలేదు. 2019లో పోయాడు, టోక్యో డోమ్‌లో ఘనంగా వీడ్కోలు సభ జరిగింది. 2023 మార్చిలో బీబీసీ డాక్యుమెంటరీ వచ్చాక, అదే ఏడాది సెప్టెంబర్‌లో కంపెనీ బహిరంగంగా ఒప్పుకుని క్షమాపణ చెప్పింది, తర్వాత కంపెనీ పేరు కూడా మార్చుకుంది. వాళ్ళు ఇన్నాళ్ళూ చెబుతూనే ఉన్నారు. విననిది మనం, అంటే చుట్టూ ఉన్న లోకం. ఇంకా సాయంత్రం బడి నుంచి పిల్లాడు ఇంటికొచ్చి ఫలానా అంకుల్ ఇలా చేశాడని చెబితే మన ఇళ్ళల్లోనే మొదట ఏమంటామో ఎవరికి వాళ్ళు గుర్తుచేసుకోండి, ఇన్నేళ్ళు ఎందుకు పడుతుందో అర్థమవుతుంది.

మల్కాజిగిరి అక్క ఒకరు ‘సచ్చినోళ్ళ ముచ్చట మనకెందుకమ్మా, ఆళ్ళ పెండ్లాం పిల్లలు ఏం పాపం చేసిన్రు’ అని రాశారు. అక్కా, మీ మాటలో నిజం ఉంది. ఆ పిల్లల్ని సోషల్ మీడియాలో తిట్టడం, ఇంటి ముందు గోల చేయడం ఏ లెక్కన చూసినా తప్పే. తండ్రి చేసిన పనికి కొడుకు తల దించుకోవాలని ఎవరూ అడగకూడదు. కానీ వాళ్ళ బాధ కోసం ఇంకొకరు నోరు కుట్టేసుకోవాలంటే ఎట్లా? ఆ మాట్లాడేవాళ్ళకీ పిల్లలున్నారు కదక్కా.

ఇక నన్ను నిజంగా ఆలోచింపజేసింది ఒక లాయరు గారి ప్రశ్న. పోయిన మనిషి జవాబు చెప్పుకోలేడు, సాక్షిని ప్రశ్నించలేడు, అలాంటప్పుడు ఆరోపణనే తీర్పుగా చేసేస్తే అన్యాయం కాదా అన్నారు. అన్యాయమే. మైకేల్ జాక్సన్‌నే తీసుకోండి, మన ఊళ్ళో డాన్స్ నేర్చుకున్న ప్రతి కుర్రాడూ ఒకప్పుడు ఆయన్ని చూసి నేర్చుకున్నవాడే. 2005లో అమెరికా కోర్టులో జ్యూరీ ఆయన్ని అన్ని అభియోగాల నుంచీ నిర్దోషిగా వదిలింది. 2009 జూన్ 25న పోయారు. 2019లో ఇద్దరు మగవాళ్ళు, చిన్నప్పుడు తమకి జరిగింది ఇదీ అంటూ ఒక డాక్యుమెంటరీలో చెప్పారు. ఆయన ఆస్తులు చూసే ఎస్టేట్ వాళ్ళు అదంతా అబద్ధం అంటున్నారు. ఇక్కడ నేను ‘దోషి’ అన్న మాట వాడను. ఆ మాట కోర్టు ఇవ్వాలి. ‘నిందితుడు’ అంటే నింద పడినవాడు, ‘దోషి’ అంటే తేలినవాడు, ఈ తేడా మన పత్రికలు సరిగ్గానే పాటిస్తాయి, మనమూ పాటించాలి. కానీ సార్, ‘తేలలేదు’ వేరు, ‘చెప్పొద్దు’ వేరు. ఆ ఇద్దరూ చెప్పింది వినడానికి, నమ్మాలో వద్దో ఎవరి బుద్ధితో వాళ్ళు తూచుకోవడానికి అడ్డేముంది? నేను పైన విమర్శ అన్నది ఈ అర్థంలోనే. సావిల్‌నీ జాక్సన్‌నీ ఒకే గాటన కట్టడం ఎంత తప్పో, ఇద్దరినీ ఒకే శ్లోకం కింద దాచడమూ అంతే తప్పు.

చట్టం సంగతి కూడా ఆయనే ఎత్తారు కాబట్టి ఒక మాట. చనిపోయినవాళ్ళ మీద నింద వేసినా పరువునష్టం అవ్వచ్చని పాత ఐపీసీ 499 వివరణలో ఉంది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356లో ఉంది. కానీ ఆ మాట కుటుంబాన్ని, దగ్గరివాళ్ళని నొప్పించాలనే ఉద్దేశంతో అన్నది అయ్యుండాలి. లోకహితం కోసం చెప్పిన నిజానికి అక్కడే మినహాయింపూ ఉంది. కాబట్టి పోయినవాళ్ళ గురించి నోరెత్తితేనే కేసు అని భయపెట్టడం సరికాదు.

చివరగా, ఇదంతా మొదలుపెట్టిన పెద్దాయన అడిగిన దానికి. ‘అయితే సంస్మరణ సభ పెట్టుకోకూడదా, కార్డు మీద కీర్తిశేషులు అని వేసుకోకూడదా’ అని కాస్త కోపంగానే అడిగారు. పెట్టుకోండి సార్. రవీంద్రభారతిలో పెట్టండి, మా త్యాగరాయ గానసభలో పెట్టండి, ఆయన కళ గురించి మాట్లాడండి, ‘క్రియతామస్య సంస్కారః’ అని శ్లోకమే అంది. ‘కీర్తిశేషులు’ మాత్రం ఆలోచించి వేయండి. కీర్తి ఒక్కటే మిగిలినవాడు అని దాని అర్థం. వెనకాల అంతమంది మనుషులు, వాళ్ళ ఫిర్యాదులు మిగిలి ఉన్నప్పుడు ఆ సమాసం పొసగదు. ‘దివంగత’ కూడా స్వర్గానికి వెళ్ళాడనే చెబుతుంది, వాడుకలో ఆ అర్థం చాలావరకు అరిగిపోయింది కాబట్టి పత్రికలకి ఇబ్బంది లేదు. నన్ను అడిగితే పేరు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది వేస్తే చాలు. సభలో ఎవరైనా లేచి ఆ రెండో సంగతి, అంటే ఆ ఫిర్యాదుల మాట, ఎత్తితే మైకు లాక్కోకండి.