అంచు తెగిన ఐదు రూపాయలు: టంకశాల పొరపాటా, ఆకురాయి పనా?

(నాణేల సేకరణ ఫోరంలో చర్చ)

పాతనాణెం: హైదరాబాద్ టంకశాల నక్షత్రం గుర్తున్న పాత కుప్రోనికెల్ (రాగి-నికెల్ మిశ్రమం) 5 రూపాయలు. 9 గ్రాములుండాలి, 8.6 తూగింది. సింహాల వైపు, ‘ఇండియా’ అక్షరాల పక్కన అంచు నెలవంకలా తెగి ఉంది. అమ్మే ఆయన క్లిప్ ఎర్రర్, అంటే టంకశాలలో బిళ్ళ కోసేటప్పుడే అంచు తెగిన లోపం అంటున్నాడు. తీసుకోవచ్చా?

తూనిక: తెగినచోటికి సరిగ్గా ఎదుటి అంచు చూడండి. ముద్ర వేయకముందే ఖాళీ లోహపు బిళ్ళను మెషీన్లో దొర్లించి అంచు లేపుతారు. ఒకవైపు కొరత ఉంటే ఎదుటివైపు ఒత్తిడి అందదు, అక్కడ అంచు పలచబడుతుంది. దీన్నే బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. అది లేకపోతే తర్వాత ఎవరో కోసిన నాణెమే.

పాతనాణెం: ఎదుటి అంచు నిండుగా ఉందండీ.

తూనిక: అయితే వదిలేయండి.

రేకుపట్టీ: తూనిక గారూ, అంత తొందరగా తేల్చేయకండి. పోయింది 0.4 గ్రాములే. ఇంత చిన్న క్లిప్‌కి ఎదుటి అంచు మామూలుగానే ఉండొచ్చు. ఆ గుర్తు కనిపిస్తే మంచి సాక్ష్యమే, కానీ అది లేనంత మాత్రాన నకిలీ అనలేం. ఈ ఒక్క పరీక్షతో అసలైన నాణేలను పక్కన పడేయడం నాకు బాధగా ఉంటుంది.

క్లిప్ ఎలా పుడుతుంది? రేకు సరిపడా ముందుకు జరగక, పంచ్ (బిళ్ళలు కోసే పనిముట్టు) అంతకుముందు కోసిన రంధ్రం మీదే కొంత పడుతుంది. అందుకే ఆ వంపు బిళ్ళ వంపుతో ఇంచుమించు కలవాలి. ఇంకో 5 రూపాయల నాణెం ఆ వంపులో ఆనించి చూడండి. తర్వాత భూతద్దంతో అక్షరాలు చూడండి. ముద్ర పడేటప్పుడు తెగినచోట కాలర్ (బిళ్ళ చుట్టూ ఉండే కట్టు) ఆపు ఉండదు కాబట్టి లోహం అటు పారుతుంది, పక్క అక్షరాలు సాగుతాయి, అంచు క్రమంగా సన్నబడుతుంది. కోసిన నాణెంలో అంచు పూర్తి మందంతో వచ్చి టక్కున ఆగిపోతుంది.

పాతనాణెం: చూశాను. వంపు కలవలేదు, ఇంకో నాణెం మధ్యలో ఆనదు. అంచు టక్కున ఆగింది. తెగిన ముఖం మీద సన్నటి సమాంతర గీతలున్నాయి.

రేకుపట్టీ: అవి ఆకురాయి గీతలు. ఇది టంకశాల తర్వాత జరిగిన పనే.

తూనిక: చివరికి నేనన్నదే కదా!

రేకుపట్టీ: ఫలితం అదే, కానీ మీరు చెప్పిన కారణం ఒక్కటే అయితే నేను ఒప్పుకోను.

కొత్తసభ్యుడు: నా 1 రూపాయి నాణెం మీద ఓ గాటుంది, దాని అంచున లోహం లేచి ఉంది. బిళ్ళ లోపమా?

తూనిక: కాదు, ముద్ర తర్వాత తగిలిన దెబ్బ. ముందే ఉన్న గాటైతే డై (ముద్ర వేసే అచ్చు) ఒత్తిడికి ఆ లేచిన లోహం అణిగిపోయేది.