తేలినీలాపురం పర్యటన: సైన్సు, తెలుగు ఒకే పాఠంగా చేయించడం ఎలా?

టెక్కలి తెలుగు మేడం

డీఎల్‌ఎడ్ (ప్రాథమిక బడి ఉపాధ్యాయ శిక్షణ) రెండో ఏడాది ఛాత్రోపాధ్యాయులు 40 మందిని జనవరిలో ఒక రోజు, పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం ఊరికి తీసుకెళ్తున్నాం. సైన్సు మాస్టారూ నేనూ కలిసి ఒకే పాఠ్య పథకం రాయించాలని అనుకుంటున్నాం. మామూలుగా ఇలాంటి పర్యటనల్లో సైన్సుకు పక్షుల పేర్ల పట్టిక ఒకటి, తెలుగుకు ‘ప్రకృతి ఒడిలో’ అనే వ్యాసం ఒకటి వస్తాయి. ఆ వ్యాసం బస్సెక్కకుండా కూడా రాసేయొచ్చు. రెండూ ఒకదానికొకటి అవసరమయ్యేలా చేయించాలంటే ఏ గంటకు ఏం చేయించాలి? బైనాక్యులర్లు రెండే ఉన్నాయి.

పరిసరాల మాస్టారు, పలాస

రెండు చాలు మేడం. గూళ్లు ఊళ్లో చెట్ల మీదే ఉంటాయి, మామూలు కంటికి ఆనతాయి. ఇద్దరిద్దరు చొప్పున 20 జట్లు చేయండి. జట్టుకు ఒక్క గూడు. చెట్టు కిందికి వెళ్లకూడదు, 30 మీటర్ల దూరంలోనే కూర్చోవాలి. ఒకరు 30 సెకన్లకోసారి ‘ఇప్పుడు’ అనాలి. ఆ క్షణంలో పక్షి చేస్తున్న పనిని రెండోవారు ఒక్క క్రియతో రాయాలి: కూర్చుంది, ఈకలు సవరించుకుంది, పుల్ల సర్దింది, మేత పెట్టింది. 10 నిమిషాలకు 20 గుర్తులు వస్తాయి. తర్వాత పనులు మార్చుకోవాలి.

పక్షి ఎగరగానే ‘ఇప్పుడు’ వినబడకముందే రాసేస్తారు, అక్కడే లెక్క చెడుతుంది. పట్టిక చూస్తే పక్షి రోజంతా ఎగురుతూనే ఉన్నట్టు తేలుతుంది. కొమ్మ అడ్డొస్తే ఊహించి నింపేస్తారు కూడా, అందుకే ‘కనబడలేదు’ అనే గడి తప్పనిసరిగా పెట్టండి.

అసలు పాఠం మాత్రం ఆ తర్వాతే. ‘తల్లి పక్షి ప్రేమగా మేత పెట్టింది’ అని కనీసం సగం మంది రాస్తారు. అక్కడ గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగల్లో ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండూ పొదుగుతాయి, రెండూ మేత తెస్తాయి. కాబట్టి ఆ వాక్యంలో ‘తల్లి’ చూసింది కాదు, ‘ప్రేమగా’ అంతకన్నా కాదు. చూసినదాని కింద ఒక గీత, ఊహించినదాని కింద రెండు గీతలు గీయించండి. ఆ గీతలే సైన్సుకూ తెలుగుకూ ఉమ్మడి పాఠం. ఆ వెంటనే నీడన కూర్చోబెట్టి, పట్టికలోని క్రియలతోనే, విశేషణం ఒక్కటీ లేకుండా ఎనిమిది వాక్యాలు 15 నిమిషాల్లో రాయించండి. బడికి తిరిగొచ్చాక రాయిస్తే మళ్లీ ‘ప్రకృతి ఒడే’ వస్తుంది.

ఒక్క మనవి. తొమ్మిదింటికే తిరుగు ప్రయాణం కట్టొద్దు. ఎండ ముదిరాక, సుమారు పదకొండు దాటితే, పెద్ద పక్షి రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడుతుంది. పుట్టిన కొత్తలో పిల్లలు ఒంటి వేడిని తామే అదుపు చేసుకోలేవు. సూర్యుడు ఎటున్నాడు, రెక్కలు ఎటు విప్పింది అనేది బాణం గుర్తులతో బొమ్మ గీయించండి.

ఛందస్సు ప్రియుడు, బొబ్బిలి

ఆ నీడ పట్టే దృశ్యాన్నే పద్యానికి ఎత్తుకోండి. గురజాడవారి ముత్యాల సరం నడక 3+4 మాత్రలు, మనవాళ్ల నోటికి తేలిగ్గా పడుతుంది. నమూనాకు రెండు పాదాలు:

గూటియంచున నిలిచి రెక్కలు
విప్పి నీడను పరచె పిల్లకు

గూటి 3, యంచున 4, నిలిచి 3, రెక్కలు 4. ఇందులో తల్లీ లేదు, ప్రేమా లేదు. చదివినవారికి రెండూ తోస్తాయి. కవిత్వం పని అది. చూసినదాన్ని కచ్చితంగా రాస్తే భావం దానంతటదే వస్తుందని వాళ్లు స్వయంగా తెలుసుకోవాలి. మాత్రల కోసం చూడనిదాన్ని చొప్పిస్తే మాత్రం కొట్టేయండి.

ఇంకొకటి. పత్రికల్లో వచ్చే ‘సైబీరియా పక్షులు’ అనే మాటను తరగతిలో పెట్టండి. తేలినీలాపురంలో గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. సైబీరియా నుంచి చలికాలం గడపడానికి వచ్చేవి ఇక్కడ గూడు కట్టవు, పిల్లల్ని సైబీరియాలోనే చేస్తాయి. గూడు కళ్లెదుటే ఉండగా ఆ మాట ఎందుకు నిలిచిపోయిందో, ‘దూరదేశపు అతిథి’ అనే కల్పనకు అంత బలం ఎక్కడిదో ఒక పేజీ రాయమనండి. సైన్సు మాస్టారు, మీరు ఇద్దరూ దిద్దాల్సిన పేజీ అది.

కార్తెల లెక్క, చీపురుపల్లి

బస్సుకు డబ్బులు లేని కళాశాలలు సామెతలతో మొదలుపెట్టొచ్చు. ‘ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి’ అన్నదాన్ని ఆవరణలోనే పరీక్షించండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి తలకిందులుగా గరాటులా బిగించాలి. అడుగున రాళ్లు వేస్తే గాలికి పడిపోదు, వాటిపైదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీయాలి. అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తులో ఉండాలి, లేకుంటే చిందిన నీళ్లు పడతాయి. గోడ ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. సున్నా గీతకు పైన చేరిన నీటిని కొలపాత్రలో కొలవండి. గరాటు పైఅంచు వ్యాసం 10 సెం.మీ. అయితే 20 మి.లీ. నీరంటే 2.5 మి.మీ. వాన. వాతావరణ శాఖ లెక్కలో అంత కురిస్తేనే ‘వాన రోజు’. రోజూ ఉదయం 8.30కే కొలవాలి.

ఆరుద్ర సుమారు జూన్ 22 నుంచి జులై 5 వరకు. ‘ఆరు’లో ఆరుద్రను కలపాలా వద్దా, ‘కురిస్తే’ అంటే ఎన్ని వాన రోజులు, ఇవి ముందే తేల్చుకుని రాసిపెట్టాలి. లెక్కలొచ్చాక తేల్చుకుంటే సామెత ఎప్పుడూ నెగ్గుతుంది. ఒక ఏడాదితో తీర్పు చెప్పకుండా రిజిస్టరు తర్వాతి బ్యాచ్‌కు అప్పగించండి.

టెక్కలి తెలుగు మేడం

చాలా ఉపయోగం. మార్కులు ఎలా విడదీయాలి?

పరిసరాల మాస్టారు, పలాస

విడదీయొద్దు మేడం. 20కి ఒకే మొత్తం: పట్టిక 6, గీతలు 6, ఎనిమిది వాక్యాలు 4, ప్రాథమిక బడి పిల్లలకు అదే పాఠాన్ని 40 నిమిషాల్లో చెప్పే పథకం 4. ఇద్దరూ విడివిడిగా వేసి, తేడా 3 దాటితే కలిసి కూర్చుని మళ్లీ దిద్దండి. వెళ్లేముందు అటవీ శాఖవారికి ఒక ఉత్తరం ఇవ్వండి. టోపీలు మరవొద్దు, ఊళ్లో దారుల మీద కూడా రెట్టలు పడతాయి.