సున్నితమైన చర్మానికి టోనర్ ఎంచుకోవడం, వాడడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. నాది చిన్నప్పటి నుంచీ సున్నితమైన చర్మం. ముఖం కడుక్కున్న కాసేపటికే బుగ్గలు బిగుసుకుపోతాయి; ముక్కుకు ఇరుపక్కలా ఎర్రబడి సన్నని పొలుసులు లేస్తాయి. ఇటీవల 'సున్నిత చర్మానికి ప్రత్యేకం' అని రాసి ఉన్న టోనర్ (ముఖం కడుక్కున్నాక అద్దుకునే ద్రవం) తెచ్చుకుని దూదితో అద్దుకుంటే, చురుక్కుమని మంట పుట్టి చాలాసేపు చెంపలు కందిపోయి ఉన్నాయి. మంట పుట్టిందంటే టోనర్ పని చేస్తున్నట్టేననీ, అలవాటయ్యే వరకూ ఓర్చుకోవాలనీ కొందరు అంటున్నారు. ఆ మాట నమ్మదగినదేనా? ఇలాంటి చర్మానికి ఏ టోనర్ ఎంచుకోవాలో, ఎలా వాడాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1:
ఆ మాట నమ్మకండి. ఆ సీసాను ఇవాళే పక్కన పెట్టండి. మంట పుట్టడం ఆ ద్రవం మీ చర్మానికి పడలేదనడానికి గుర్తే తప్ప మేలు చేస్తోందనడానికి కాదు. చర్మపు పైపొరలో కణాల మధ్య ఉండే కొవ్వు పదార్థాలు తగ్గిపోతే, ఇతరులకు ఏమీ చేయని పదార్థం కూడా లోపలికి దిగి మంట పుట్టిస్తుంది.

అసలు టోనర్ అందరికీ అవసరమైనది కాదు. చర్మం ఉపరితలం కొద్దిగా ఆమ్లగుణంతో, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5కు అటూ ఇటూగా ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది కనుక, సబ్బుతో ముఖం కడిగినప్పుడు చర్మం మీద మిగిలే క్షారాన్ని తుడిచేయడానికి టోనర్ పనికివచ్చేది. చర్మపు పీహెచ్‌కు దగ్గరగా ఉండే సౌమ్యమైన క్లెన్సర్ (ముఖం కడిగే ద్రవం) వాడేవారికి ఆ అవసరం లేదు. కడగగానే బుగ్గలు బిగుస్తున్నాయని మీరే రాశారు కాబట్టి, ముందు మార్చవలసింది క్లెన్సర్ అని నా అభిప్రాయం. కొన్ని వారాలు సౌమ్యమైన క్లెన్సర్, పరిమళం లేని మాయిశ్చరైజర్, పగటిపూట సన్‌స్క్రీన్, ఈ మూడింటితోనే సరిపెట్టుకుని, ఎరుపు తగ్గాక టోనర్ సంగతి ఆలోచించండి.

జవాబు 2:
పై సలహా సరైనదే. ఆ తర్వాత కూడా టోనర్ కావాలనిపిస్తే, సీసా ముందువైపు రాసిన మాటలను వదిలేసి వెనుకవైపు పదార్థాల జాబితా చదవండి. ఎక్కువ మోతాదులో ఉన్నవి ముందు వస్తాయి. ఒక శాతం లోపు ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాయవచ్చు. మొదటి నాలుగైదు పేర్లలో చర్మాన్ని పొడిబార్చే ఆల్కహాల్ డీనాట్ లేదా ఇథనాల్ కనిపిస్తే ఆ సీసా మీకు వద్దు. సిటైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ మాత్రం పేరులో ఆల్కహాల్ ఉన్నా కొవ్వు జాతివి, చర్మాన్ని మెత్తబరుస్తాయి; వాటికి భయపడనక్కర లేదు.

పరిమళం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 'వాసన లేనిది' అని రాసినంత మాత్రాన పరిమళ ద్రవ్యాలు లేవని కాదు. ఇతర పదార్థాల వాసనను కప్పిపుచ్చడానికి వాటిని కలిపి ఉండవచ్చు. సహజమైనవి కదా అని లావెండర్, నిమ్మజాతి నూనెలను నమ్మడానికీ లేదు. వాటిలోని లినాలూల్, లిమొనీన్ గాలి తగిలి ఆక్సీకరణం చెందినకొద్దీ అలర్జీ కలిగించే గుణం పెరుగుతుంది. మెంథాల్, కర్పూరం ఇచ్చే చల్లదనం కూడా ఉపశమనం కాదు, నరాలను రెచ్చగొట్టడమే. నిల్వకోసం కలిపే మిథైల్ ఐసోథయాజొలినోన్‌ను, కడిగేయకుండా చర్మం మీద ఉంచుకునే ఉత్పత్తులలో ఐరోపా సమాఖ్య 2017 నుంచి నిషేధించింది. జాబితాలో అది ఉంటే వదిలేయండి.

తేమను నిలిపి చర్మాన్ని ఊరడించే గ్లిజరిన్, పాంథెనాల్, అల్లాంటోయిన్ వంటివి ఉండి, జాబితా ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. మృతకణాలను తొలగించే గ్లైకాలిక్ ఆమ్లం ఉన్నవి ఎండకు చర్మాన్ని మరింత సున్నితం చేస్తాయి కనుక ఇప్పుడు వాటి జోలికి వెళ్లకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే సీసా తిప్పి చూశాను. నీటి తర్వాత రెండో పేరే ఆల్కహాల్ డీనాట్, చివర లావెండర్ నూనె. దీని బదులు గులాబీ నీరు వాడవచ్చా? కొత్తది తెచ్చుకుంటే ముఖానికి రాసే ముందు ఎలా పరీక్షించుకోవాలి?

జవాబు 3:
గులాబీ నీటిలోనూ జెరానియాల్, సిట్రోనెల్లోల్ వంటి పరిమళ పదార్థాలు ఉంటాయి కనుక మీ చర్మానికి అది సురక్షితమని చెప్పలేను.

కొత్త టోనర్‌ను మోచేతి మడతలో నాణెమంత చోట రోజుకు రెండుసార్లు చొప్పున 7 నుంచి 10 రోజులు రాసి చూడండి. అలర్జీ వెంటనే బయటపడకపోవచ్చు. రెండు మూడు రోజుల తర్వాత దురద, దద్దుర్లు రావచ్చు కాబట్టి ఒక్క పూట చూసి తేల్చుకోవద్దు. అక్కడ ఏమీ కాకపోతే దవడ అంచున రాసి, ఆ తర్వాతే ముఖమంతా రాసుకోండి. దూదితో రుద్దడం కూడా ఎరుపుకు ఒక కారణమే. కొన్ని చుక్కలు అరచేతిలో వేసుకుని, ముఖం ఇంకా తడిగా ఉండగానే మెల్లగా అద్ది, ఆరిపోకముందే మాయిశ్చరైజర్ రాసుకోండి. మొదట్లో రోజుకు ఒక్కసారి చాలు. అదే సమయంలో మరే కొత్త ఉత్పత్తీ మొదలుపెట్టవద్దు, లేకపోతే దేనివల్ల ఏమైందో తెలియదు.

ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. ముక్కు పక్కల ఎరుపు, పొలుసులు తరచూ వస్తూ ఉంటే అది సెబోరిక్ డెర్మటైటిస్ (జిడ్డు ఎక్కువగా ఉండే చోట్ల వచ్చే చర్మపు వాపు) కావచ్చు. కనుబొమ్మల్లోనూ తలలోనూ పొట్టు రాలుతోందేమో గమనించండి. చర్మం మీద సహజంగా ఉండే ఒక రకం శిలీంద్రమైన ఈస్ట్‌తో దానికి సంబంధం ఉంది. చర్మవైద్యులు శిలీంద్రాన్ని అణిచే కీటోకోనజోల్ వంటి పూతమందులు ఇస్తారు. ఏ టోనరూ దాన్ని తగ్గించదు. వైద్యుల దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పాత సీసాతో పాటు మీరు వాడే క్లెన్సర్‌నూ పట్టుకెళ్లి చూపించండి.