విజయవాడ నుంచి స్కూల్ బోర్డు మీటింగ్‌లో పాల్గొనవచ్చా?

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలో మా స్కూల్ డిస్ట్రిక్ట్ బోర్డుకు పోయినసారి ఎన్నికయ్యాను. మొత్తం ఐదుగురం. వచ్చే నెల అమ్మకు మోకాలి ఆపరేషన్, మూడు వారాలు విజయవాడలో ఉండాలి. ఆ మధ్యలోనే రెండు మీటింగ్‌లు, ఒకదాంట్లో బడ్జెట్ ఓటు. మానేయాలని లేదు.

1953 నాటి బ్రౌన్ యాక్ట్ (ఇలాంటి బోర్డుల మీటింగ్‌లు జనానికి తెరిచి ఉండాలనే కాలిఫోర్నియా చట్టం) ప్రకారం, దూరం నుంచి పాల్గొనే పాత పద్ధతిలో వెళ్తే, నేను కూర్చునే చోటు చిరునామా అజెండాలో వేయాలి. 72 గంటల ముందే అజెండా అక్కడ అతికించాలి, ఎవరొచ్చినా లోపలికి రానివ్వాలి. అంటే అమ్మ వాళ్ళ గేటుకి, పాలప్యాకెట్ల సంచి పక్కన, ఇంగ్లీషు అజెండా! వాచ్‌మన్‌కి ఏమని చెప్పను?

రెండోది, అమ్మను చూసుకోవాలన్న కారణం చూపే దారి. అందులో చిరునామా బయటపెట్టక్కర్లేదట. కానీ వీడియో ఆన్‌లోనే ఉండాలి, కోరం మంది (మీటింగ్ చెల్లడానికి కావాల్సిన కనీస సభ్యులు) మా డిస్ట్రిక్ట్‌లో ఒకేచోట కూర్చోవాలి, ఏడాదికి ఇన్నిసార్లే అని పరిమితి. గదిలో 18 ఏళ్ళు దాటినవాళ్ళు ఉంటే వాళ్ళు నాకేమవుతారో కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో సాయంత్రం 7 అంటే విజయవాడలో మర్నాడు పొద్దున 7:30 (చలికాలంలో అయితే 8:30). ఆ టైముకి పిన్ని, అత్తయ్య, పనమ్మాయి అందరూ హాల్లోనే ఉంటారు.

మీలో ఎవరైనా సిటీ కౌన్సిల్‌లోనో స్కూల్ బోర్డులోనో ఉండి ఇండియా నుంచి ఓటు వేశారా? ఏ దారిలో వెళ్ళారు? ఓటు మధ్యలో కరెంటు పోతే ఏం చేశారు? మా లాయర్‌ని అడిగాను, ఇంకా జవాబు రాలేదు. టికెట్లు శుక్రవారంలోపు మార్చుకోవాలి, అదే టెన్షన్.