'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933': ఆ చివరి పాట కథలో ఇమిడిందా, అతికించిందా?

రీలుపెట్టె:
ఈ పాత అమెరికన్ పాటల సినిమా నిన్న రాత్రి మళ్లీ చూశాను. ముగ్గురు నాటకాల అమ్మాయిలు, పాటలు కట్టే కుర్రాడు బ్రాడ్, బోస్టన్ నుంచి దిగిన అతని డబ్బున్న అన్నగారు, ఆయన లాయరు, అందరికీ జంటలు కుదిరాయి. హాయిగా నవ్వుకుంటున్న టైములో ఒక్కసారిగా చివరి పాటలో మొదటి ప్రపంచ యుద్ధం సిపాయిలు, నెత్తుటి కట్లు, తిండి కోసం క్యూ. దాంతోనే సినిమా అయిపోతుంది. పాట గొప్పదే, కాదనను. కానీ కథకీ దానికీ పొత్తు కుదరలేదు. జనం కష్టాన్ని సినిమా తీసిన వార్నర్ స్టూడియో వాళ్లు తళుకు కోసం వాడుకున్నారనిపించింది. మీరేమంటారు?

గోదారిగట్టు:
నేను ఒప్పుకోనండీ. సినిమా మొదలయ్యేదే అప్పుతో కదా! నటి జింజర్ రోజర్స్ నాణేల బట్టలేసుకుని 'మన దగ్గర డబ్బే డబ్బు' అన్న అర్థంలో పాడుతుంటే, రిహార్సల్ మధ్యలోనే అప్పు కట్టలేదని షరీఫు (అక్కడి పోలీసు అధికారి) మనుషులొచ్చి సామాను జప్తు చేస్తారు. తర్వాత అమ్మాయిల గది చూడండి. వాళ్లలో ఒకరైన ట్రిక్సీ కిటికీలోంచి చెయ్యి చాపి పక్కింటివాళ్ల పాలసీసాని పట్టకారుతో లాగేస్తుంది. మనం నవ్వుతాం, నిజమే. కానీ పొద్దున్నే పాలు కొనలేని ఇల్లది. ఆ ఏడాది అమెరికాలో నలుగురు పనివాళ్లలో ఒకరికి పని లేదు.

ఇంకొకటి. బ్రాడ్ పియానో మీద ఒక బాణీ వాయించగానే నిర్మాత బార్నీ ఎగిరి గంతేసి, తన షో ఈ ఆర్థిక మాంద్యం గురించేనంటాడు. అంటే చివరి పాటకి విత్తనం మొదట్లోనే పడింది.

పైగా ఈ సినిమా వచ్చింది 1933 మేలో. అంతకు పది నెలల ముందే, 1932 జూలై 28న, యుద్ధంలో పనిచేసినందుకు 1945లో ఇస్తామన్న బోనస్‌ని ఇప్పుడే ఇమ్మని వాషింగ్టన్‌లో గుడిసెలేసుకున్న మాజీ సైనికుల్ని సొంత సైన్యమే బాష్పవాయువుతో తరిమింది. హాల్లో కూర్చున్నవాళ్లకి అది నిన్నటి సంగతి.

పాతబొమ్మలు:
గోదారిగట్టు గారూ, ఆ సంగతులన్నీ నిజమే. మరి షో ఎలా నిలబడింది? పేరు దాచుకున్న శ్రీమంతుల బిడ్డ బ్రాడ్ 15,000 డాలర్లు తెచ్చిస్తేనే! ఆ డబ్బుల్లేకపోతే బార్నీ దగ్గర మాటలు తప్ప ఏమున్నాయి? ఆకలికి మందు ధనవంతుడి జేబే అని చెప్పిన కథ, చివర్లో సిపాయిల తరఫున మాట్లాడితే నాకు నమ్మకం కుదరదు.

గోదారిగట్టు:
డబ్బు గురించి మీరన్నది బలమైన మాటే. కానీ ఆ పాటలో ఏ శ్రీమంతుడూ రాడు, గమనించండి. ఆ ముగ్గురమ్మాయిల్లో ఒకరిగా వేసిన జోన్ బ్లాండెల్ వీధి దీపం కింద నిలబడి ఉంటుంది. పోలీసు ఒక బికారిని పట్టుకుంటే, ఆమె వెళ్లి అతని కోటు అంచు తిప్పి లోపలున్న పతకం చూపిస్తుంది. మేడ కిటికీలో ఎటా మోటెన్ అనే నల్లజాతి గాయని పాడుతుంది. ఆనాటి హాలీవుడ్‌లో నల్లజాతి స్త్రీకి పనిమనిషి వేషమే ఎక్కువ, ఇక్కడ ఆమె గొంతుకే చోటిచ్చారు. పాటల నృత్య దర్శకుడు బస్బీ బర్క్లీ ఆ తర్వాత మళ్లీ నవ్వుల్లోకి తీసుకెళ్లలేదు, అదే నాకు నచ్చింది.

రీలుపెట్టె:
బార్నీ సీను నేను పట్టించుకోలేదు, ఇప్పుడే వెనక్కి వెళ్లి చూశాను. అతికించారన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ పతకం ఉన్నతనికి పని దొరికిందా? ఆ ఒక్కటీ సినిమా చెప్పదు. పాతబొమ్మలు గారి అసంతృప్తి నాదీ కూడా.