తోతాపురిని ప్రభుత్వమే కొనాలా? యుద్ధకాలంలో కొన్నారు కదా!

శ్రీనివాసపురం తోపు:
బెంగళూరులో ఉంటున్న కోలారు, చిత్తూరు వాళ్లంతా ఒకసారి ఇది చదవండి. 2025 జూన్‌లో, గుజ్జుకు వాడే తోతాపురి మామిడి ధర ఎలా పడిపోయిందో మన ఇళ్లలో చెప్పనక్కర్లేదు. ఆంధ్రలో ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 అన్నారు. అప్పుడే బయటి రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకూడదని ఆర్డర్ వేశారు. మా కోలారు కాయ ఏళ్ల తరబడి పోతున్నది అక్కడి గుజ్జు ఫ్యాక్టరీలకే. సిద్ధరామయ్య గారు చంద్రబాబు గారికి ఉత్తరం కూడా రాశారు. తర్వాత కేంద్రం కర్ణాటకలో 2.5 లక్షల టన్నుల దాకా, క్వింటాలుకు 1,616 రూపాయల ధరకు, మార్కెట్ ధరకు మధ్య తేడా చెల్లించడానికి ఒప్పుకుంది.

నా మాట ఏమిటంటే, తేడా డబ్బులు కాదు, కాయనే కొనాలి. 1940లో న్యూజిలాండ్‌లో యాపిల్ రైతులకు ఇదే కష్టం వచ్చింది. యుద్ధం వల్ల బ్రిటన్‌కు పంపడానికి ఓడల్లో చోటు లేదు. అప్పుడు ప్రభుత్వమే పంట కొని దేశంలోనే అమ్మింది. ఆస్ట్రేలియాలో కూడా యాపిల్, బేరిపండ్ల పంటను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. యుద్ధంలో చేయగలిగింది ఇప్పుడు ఎందుకు చేయలేరు?

బంగారుపాళెం బిడ్డ:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ ఆర్డర్ చూసి మా మీద కోపం పెట్టుకోవద్దు. ఆ నెల మా నాయన ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్‌తో రెండు రాత్రులు పడుకున్నాడు. టోకెన్ ఉన్నా లోపలికి పోనివ్వలేదు. మూడో రోజు అడుగున కాయ చెమర్చి నల్లబడితే, దాన్ని పక్కన పెట్టి మిగతాదే తూకం వేశారు. 8 రూపాయలు అన్నారు కానీ ఆ ఫ్యాక్టరీ నుంచి మాకు అంత రాలేదు. వ్యాపారులు కాయ కొనే ర్యాంపుల్లో అయితే ఇంకా తక్కువ.

ప్రభుత్వం కొన్నా ఆ కాయ చేరాల్సింది అదే గేటుకు కదా. కోసిన తోతాపురి మన కోసం ఎన్ని రోజులు ఆగుతుంది?

పాత చరిత్ర:
ఇద్దరూ అసలు విషయం దగ్గరికే వచ్చారు. కొనడం ఒక్కటే చూడకండి, కొన్నది ఎవరి నోటికి చేరిందో చూడండి.

బ్రిటన్‌లో 1940 నవంబరులో అరటిపండ్ల దిగుమతి ఆపేశారు, ఓడల్లో చోటు మిగలాలని. వచ్చే కొద్ది నారింజలు ముందు పిల్లలకే అన్నారు. తర్వాత అమెరికా నుంచి నీళ్లు తీసేసి చిక్కగా చేసిన నారింజ రసం తెప్పించి, చిన్నపిల్లలకు, గర్భిణులకు ఇచ్చారు. పండు కుళ్లుతుంది, చిక్కటి రసం నిలుస్తుంది, ఓడలో తక్కువ చోటు పడుతుంది. తాగేవాళ్లు ఎవరో కూడా ముందే తెలుసు. మన గుజ్జు డ్రమ్ములను ఇలాగే వాడుకోవచ్చు.

కానీ యుద్ధకాలం కొనుగోళ్లను మరీ మెచ్చుకోకండి. 1942లో బర్మా జపాన్ చేతికి పోయి, అక్కడి బియ్యం ఆగిపోయింది. బెంగాల్లో ప్రభుత్వం ఏజెంట్లను పెట్టి బియ్యం కొనిపించింది. సైన్యానికి, కలకత్తాలో యుద్ధ పనులు చేసేవాళ్లకు ముందు పెట్టాలని వాళ్ల ఆలోచన. ఆ కొనుగోళ్లకు పల్లెల్లో ధర ఇంకా ఎగిరింది. 1943 కరువుకు అదొక్కటే కారణం కాదు, అదీ ఒక కారణం. భూమి లేని కూలీలు, చేపలు పట్టుకునేవాళ్లు లక్షల్లో పోయారు. 30 లక్షల దాకా అని అంచనా. అక్కడ కొన్నదీ ప్రభుత్వమే, ప్రాణాలు పోయిందీ దాని ప్రజలవే. ఈ మాట రాసేటప్పుడు చేయి ఆగుతుంది నాకు.

వడ్లకు ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) ఎందుకు నిలబడింది? 1965 జనవరి 14న తంజావూరులో మొదటి జిల్లా ఆఫీసు, మద్రాసులో హెడ్ ఆఫీసు పెట్టి మొదలైంది. కొన్న ధాన్యానికి చివర్లో రేషన్ షాపు ఉంది. మామిడికి ఆ చివర ఏది?

సింగేన అగ్రహార:
నేను పండ్ల మండీలో పని చేస్తాను. దళారి అని తిట్టకండి, దయచేసి వినండి. హిమాచల్‌లో సి గ్రేడ్ (తక్కువ రకం) యాపిల్‌ను ప్రభుత్వం 2025లో కిలో 12 రూపాయలకు కొన్నది, హెచ్‌పీఎంసీ (పండ్లు కొని అమ్మే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) లాంటి వాటి ద్వారా. రసం తీసే ప్లాంట్లు వాళ్లకే ఉన్నాయి. అయినా రైతుల బకాయిలు పేరుకుంటాయి. పండు కొన్న రోజే డబ్బు పడకపోతే రైతు మళ్లీ మా దగ్గరికే వస్తాడు, అడ్వాన్సు మేమే ఇస్తాం కాబట్టి. కొనుగోలు ధర కోత మొదలయ్యాక చెబితే దాని వల్ల ఎవరికీ లాభం లేదు. పిందె దశలోనే ఎన్ని టన్నులు, ఏ ధర, ఎక్కడ దించాలి అని చెప్పాలి.

హెబ్బాళ రమ:
ఇంత దూరం ఎందుకండీ, మన లాల్‌బాగ్‌లోనే ఒక దారి చూపించారు కదా. 1959లో ఉద్యానశాఖ అధికారి మరిగౌడ గారి చొరవతో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా మొదలైందే ఈనాటి హాప్‌కామ్స్, అంటే రైతుల సహకార పండ్లు, కూరగాయల దుకాణాలు. చిన్నప్పుడు అమ్మ నన్ను చేయి పట్టుకుని అక్కడికే తీసుకెళ్లేది. బోర్డు మీద ధర రాసి ఉండేది, బేరం లేదు. కానీ ఆ దుకాణాలన్నీ కలిసినా లక్షల టన్నుల తోతాపురిని అమ్మలేవు. కోసుకుని తినే పండుగా దీన్ని కొనేవాళ్లు తక్కువ.

నాకు తోచేది బడి. కర్ణాటకలో ప్రభుత్వ బడి పిల్లలకు గుడ్డు ఇస్తున్నారు, గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తున్నారు. అంటే ప్రభుత్వం ఇప్పటికే పండు కొని పిల్లలకు పెడుతోంది. అందులో మామిడి గుజ్జును చేర్చమని అడుగుదాం. చక్కెర కలపకుండా ఇవ్వాలి, ఈ ఒక్క విషయంలో తల్లిగా నేను తగ్గను.

శ్రీనివాసపురం తోపు:
రమక్కా, లెక్క వేశాను. అర కోటి మంది పిల్లలు, వారానికి రెండు రోజులు, రోజుకు 100 గ్రాములు, ఏడాదిలో 40 వారాలు అనుకుందాం. 40,000 టన్నుల గుజ్జు అవుతుంది. కాయలో సగం గుజ్జు వస్తుందనుకుంటే 80,000 టన్నుల కాయ. కేంద్రం ఒప్పుకున్న 2.5 లక్షల టన్నుల్లో మూడో వంతుకు దగ్గర. నేను మొదట రాసింది మార్చుకుంటున్నాను. కాయ మొత్తం కొనమని అడగను. పిల్లలకు పట్టేంత గుజ్జుకు పిందె దశలోనే ఒప్పందం, తూకం వేసిన వారంలోపల డబ్బు, ఇవి అడుగుతాను.

బంగారుపాళెం బిడ్డ:
ఆ ఒప్పందంలో సరిహద్దుకు రెండు పక్కలా ఉన్న రైతులూ ఉండాలన్నా. మా పిల్లలూ తాగుతారు కదా. మిగతా రెండు వంతులకు ఏం చేద్దాం?

శ్రీనివాసపురం తోపు:
తప్పకుండా, రెండు రాష్ట్రాలకూ కలిపే రాద్దాం. మిగతాదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు తమ్ముడూ. మా నాన్న మాత్రం పోయిన వానల్లో పన్నెండు తోతాపురి చెట్ల కొమ్మలు కొట్టించి, బాదామి అనే మరో మామిడి రకం అంటు కట్టించాడు. తొమ్మిది చిగురించాయి.